వరస తప్పిన తిట్లు

"ఏయ్, చేపల కంపూ! కాస్త అవతలికి జరుగు. బానీ ఏరంతా నా ముక్కులోకి వచ్చి పడుతోంది!"

ఏటి ఒడ్డునున్న మోప్తీ పట్నం రేవులో, ఆమెతో అంతింబే అన్న తొలి మాట అది.

ఆమె పడవ దిగుతూ ఆగింది. కొంగ మెడలా నిదానంగా తల తిప్పింది. "అబ్బో, ఉల్లిగడ్డల మూటకు నోరొచ్చిందే! మీ కొండ మీద నీళ్లుండవుగా, స్నానానికి దిగావా నాయనా?"

రేవంతా పగలబడి నవ్వింది. తప్పుపట్టినవారు లేరు. అంతింబే కొండ మీద ఉల్లి పండించే దోగోన్ జాతివాడు, ఆమె ఏట్లో చేపలు పట్టే బోజో. కొండవాళ్లూ ఏటివాళ్లూ ఎదురుపడితే తిట్టుకోవాలి, తిట్టకుంటేనే తప్పు. అది తాతలు నెత్తురు కలిపి, ఒకరడిగితే ఒకరు కాదనమని ప్రమాణం చేసి ఇచ్చుకున్న చనువు. ఆ చనువుకు ఒకటే గట్టు. రెండు జాతుల మధ్య పెళ్లి కూడదు. వరస కలవదు.

ఆమెను అతడు ముందే ఎరుగును. ఫ్రెంచిలో కవిత్వం రాసి డకార్‌లో పెద్ద బహుమతి గెలిచిన నానా కరబెంతా బొమ్మ పత్రికలన్నింటా పడింది. బోజోల ఇంటిపేరు, ఏటి మీద కవితలు, ఇక అడగవలసిందేముంది?

ఆ వానాకాలమంతా ఆమె అంతింబే పనిచేసే రేడియోకు వచ్చి కవితలు చదివింది. బయట వాన, లోపల తిట్లు. "మీ అమ్మ నిన్ను చేపలబుట్టలో కన్నదా?" అని అతడు మైకులోనే అన్నాడు. ఊరు నవ్వింది. ఆమె రాని రోజున మాత్రం అతడికి ముద్ద దిగేది కాదు. వరస కాని పిల్లను వలచానని ఎవరితో చెప్పుకోగలడు?

ఆమె తిరిగి రాజధాని బమాకోకు వెళ్లే ముందు రేడియోలో చివరి ముఖాముఖి జరిగింది.

"మొదటి పుస్తకం సంగతి చెప్పు, ఏటిపిల్లా."

"అచ్చువేసేవాళ్లు తిప్పి పంపారు. కొండపిల్లవి, నీకు ఏటి కవిత్వమెందుకు అన్నారు."

"కొండపిల్లవా? ఎవరు?"

"నేనే. దోగోన్‌దాన్నే, మా ఊరు కొండ మీది సాంగా. అసలు పేరు యాతిమే దోలో. అమ్మానాన్నా పోయాక, పొగచేపలమ్మే నానా కరబెంతా నన్ను పెంచింది, బడికి పంపింది. అక్షరం రాని అమ్మ పేరు అట్ట మీదైనా ఉండాలని పెట్టుకున్నాను."

అంతింబే మైకును పక్కకు నెట్టేశాడు. అద్దం వెనక మీటల దగ్గరున్నవాడు కంగారుగా ఏదో పాట వేశాడు.

పెళ్లికి అడ్డు లేదని గుండె ఎగిరింది. ఎగిరిన చోటే గడ్డకట్టింది. ఇన్నాళ్లూ తిట్టింది తన జాతి ఆడబిడ్డను! చనువు లేని చోట అవి సరసాలు కావు, అచ్చమైన తిట్లు.

"మీరు... ముందే చెప్పవలసింది."

"చూశావా, మీరట! ఈ మర్యాదకు జడిసే చెప్పలేదు."

తలుపు ధడాలున తెరుచుకుంది. బయట అరుగు మీద రేడియో వింటున్న అంతింబే తండ్రి దోమో! "ఒరే! దోలోల పిల్లను చేపల కంపు అన్నావట్రా? వాళ్ల పెద్దలకు నా ముఖమెట్లా చూపించేది?"

అతడి వెనకే, తానూ ఆ అరుగు మీదే వింటున్న, పొగవాసన వేసే తలగుడ్డతో ఒక భారీ మనిషి లోపలికి వచ్చింది. యాతిమే లేచి నిలబడింది. "అమ్మా!"

"ఏమయ్యా, సజ్జముద్ద మొహమా!" అంది నానా, దోమోతో. "నీ కొడుకు ఎవర్ని తిట్టాడు?"

"నీ పిల్లను."

"ఏ పేరుపెట్టి?"

"నానా కరబెంతా అని."

"ఆ పేరు ఎవరిది?"

దోమో తల గోక్కున్నాడు.

"నాది! పేరు నాదైతే తిట్లూ నావే. బోజోదాన్ని, నన్ను తిట్టే హక్కు మీకుంది. ఇంక గొడవేంటి? ఊళ్లో మేకలకు కూడా తెలుసు వీళ్ల సంగతి. పనిగట్టుకుని వెతుక్కుంటూ పోయి తిట్టుకునేవాళ్లను ఏమంటారు? నా బిడ్డకు నీ కొడుకునియ్యి. బోజో అడుగుతోంది, కాదను చూద్దాం!"

కాదనలేడు. బోజో నోరు తెరిచి అడిగినది దోగోన్ ఇచ్చి తీరాలి. తాతల ప్రమాణం అది. దోమో నిట్టూర్చి, కొడుకు నెత్తిన చేయి వేశాడు. "పోరా, అదృష్టవంతుడా."

అంతింబే ఆమె వైపు తిరిగాడు. "మీకు... సమ్మతమేనా?"

"ఇంకోసారి మీరన్నావంటే బమాకో పడవెక్కేస్తా."

తిట్టడానికి తడబడని నాలుక ఇప్పుడు తడబడింది.

"నువ్వంటే నాకు ప్రాణం."

బహుమతులందుకున్న కవయిత్రి జవాబు కోసం వెతికింది. ఏ భాషలోనూ దొరకలేదు. సిగ్గుతో నవ్వి తల వంచుకుంది.