డ్రాయింగులో లేని పైపు

"ఆపండి! హాలు మధ్యకి ఇంకో పైపు రావాలి!"

స్లాబు కోసం అల్లిన ఇనప చువ్వల మీద ఒక ఆడపిల్ల గొంతు వినపడటం రెంటచింతలకు కొత్త. పైగా అది ఏప్రిల్ ఎండ. చువ్వ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. చున్నీ తలకు చుట్టుకుని, చంకలో కాగితాల చుట్టతో, చువ్వ మీద నుంచి చువ్వ మీదకు ఆచితూచి అడుగులేస్తూ వచ్చింది శ్రీవల్లి.

ఒంగి పైపుకు తీగ బిగిస్తున్న కుర్రాడు తలెత్తాడు. పేరు ఫణి. నడికుడి నుంచి వచ్చిన వైరింగ్ మేస్త్రి. ఇరవై ఆరేళ్ళకే సొంతంగా కాంట్రాక్టు పట్టిన మొనగాడినని లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉంది.

"పైపు సంగతి సరే మేడం, ముందు మీరు దిగండి. జారితే మా పనాగిపోద్ది."

"దిగను. రేపు పొద్దున్నే కాంక్రీటు పోస్తారు. తర్వాత నేను మొత్తుకున్నా పైపు లోపలికి పోదు. అసలు డ్రాయింగ్ చూశారా మీరు?"

"చూశా. మా చెల్లెలేసే ముగ్గులాగుంది."

కింద ఇసక మోస్తున్న కూలీలు కిసుక్కున నవ్వారు. శ్రీవల్లి మొహం ఎండకు ముందే ఎర్రగా ఉంది, ఇప్పుడు ఇంకాస్త ఎర్రబడింది.

ఆమెకు కోపం ఊరికే రాలేదు. నరసరావుపేటలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు చలమయ్య గారి ఒక్కగానొక్క కూతురు శ్రీవల్లి. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో స్మార్ట్ హోమ్ వైరింగు డ్రాయింగులు గీసే ఆఫీసులో రెండేళ్ళు పని నేర్చుకుని, ఇక సొంత ఊళ్ళోనే ఆ పని పెడతానని వచ్చేసింది. చలమయ్య తల పట్టుకున్నాడు. బల్బు కొనడానికి నాలుగు కొట్లు తిరిగే జనంలో కాగితం మీద గీతల కోసం ఎవరొస్తారమ్మా అన్నాడు. రెండు నెలల వాదన తర్వాత తండ్రీకూతుళ్ళ మధ్య ఒప్పందం కుదిరింది.

"ఒక్క ఇల్లు చూపించు. గృహప్రవేశం నాడు నువ్వు చెప్పినవన్నీ పని చేస్తే, కొట్టు మీది గదికి నీ పేరుతో బోర్డు నేనే కట్టిస్తా. ఒక్కటి పని చెయ్యకపోయినా, మర్నాడే బ్యాంకు కోచింగుకి పోవాలి. సరేనా?"

"సరే" అంది శ్రీవల్లి.

ఆ ఒక్క ఇల్లే ఇది. రెంటచింతల మిర్చి రైతు సాంబశివరావుది. పొలం నుంచి బయల్దేరేటప్పుడు ఫోన్లో నొక్కితే, ఇంటికి చేరేసరికి ఏసీ గది చల్లబడి ఉండాలన్నది ఆయన కోరిక. ఆయన తల్లి వెంకాయమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఏడేళ్ళ కిందట పాత ఇంట్లో మసక చీకటి మెట్ల మీద స్విచ్ కోసం తడుముకుంటూ పడి, తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ మెట్లంటే భయం. కొత్తింట్లో మెట్ల మీద కాలు పెట్టగానే లైటు దానంతటదే వెలగాలన్నది శ్రీవల్లి పట్టుదల.

"ఇంకో సంగతి" అంది ఫణితో. "ప్రతి స్విచ్ బాక్సులోకీ న్యూట్రల్ రావాలి. నల్ల వైరు."

"స్విచ్చుకి నల్ల వైరేందండీ? ఎర్రది వచ్చుద్ది, ఎర్రది పోద్ది. నల్లది తిన్నగా లైటు కాడికి పోద్ది. మా గురువు గారి కాలం నుంచీ అంతే."

"మామూలు స్విచ్చుకైతే అంతే. దీంట్లో చిన్న బుర్ర ఉంటుంది. లైటు ఆర్పినా అది మేలుకునే ఉండాలి, ఫోన్ పిలిస్తే పలకాలి. దానికి కరెంటు ఎప్పుడూ అందాలంటే నల్ల వైరు లేకుండా కుదరదు."

"అంటే స్విచ్చుకి కూడా ఆకలేస్తదన్నమాట."

"వేస్తుంది."

"ఆకలేసే స్విచ్చుని చూట్టం ఇదే మొదలు" అని ఫణి మళ్ళీ తీగ బిగించడంలో పడ్డాడు. కానీ హాలు మధ్యకు పైపు మాత్రం వేశాడు. సాయంత్రందాకా ఆమె ఆ చువ్వల మీద నుంచి దిగితేగా!

ఇక్కడ ఫణి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆ చుట్టుపక్కల వైరింగ్ మేస్త్రి పరువంతా మిగిల్చిన వైరులో ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక ఎవరు ఎక్కువ వైరు చుట్టలు మిగిల్చి యజమాని చేతిలో పెడితే వాడే పనిమంతుడు. ఆ పరువు కోసమే మే నెలలో మెట్లు పోసినప్పుడు, రెండు వైర్లకు మాత్రమే సరిపోయే సన్న పైపు వేసి ఊరుకున్నాడు. అప్పటికి అతను ఇంకా ఆమె మాట నమ్మలేదు.

నమ్మింది ఆగస్టులో.

గోడల్లో గాళ్ళు కొట్టి పైపులు బిగించాక, పూత పూయకముందే ప్రతి గోడకూ టేపు పట్టి ఫోటో తీయడం శ్రీవల్లి పద్ధతి. టేపు కొస పట్టుకోవడం ఫణి పని.

"చెయ్యి కాస్త పక్కకి."

"పక్కకి తీస్తే టేపు జారుద్ది మేడం."

"అన్ని ఫోటోల్లోనూ మీ చెయ్యే పడుతోంది."

"మొహం పడట్లేదని నేను అడిగానా?"

ఆమె నవ్వు ఆపుకుని ఫోన్లోకి చూసింది. అంతలో వాన విరుచుకుపడింది. కిటికీలకు ఇంకా తలుపుల్లేవు. ఇద్దరూ పరుగెత్తి మెట్ల కింద దూరారు. ఫణి ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమెకిచ్చి, తను ఫ్లాస్కుతోనే తాగేశాడు. నాలుక చుర్రుమంది గానీ ఆమె ముందు బయటపడలేదు.

"ఎందుకండీ ఇంత కష్టం మీకు? కొట్లో ఫ్యాను కింద కూర్చోక?"

శ్రీవల్లి బోర్డు సంగతీ, కోచింగు సంగతీ చెప్పింది. ఫణి ఫ్లాస్కు పక్కన పెట్టి విన్నాడు. తర్వాత ఆమే మాట మార్చింది.

"ప్రతి ఇంట్లోనూ ఒక ఖాళీ పైపు వదలాలి మేస్త్రీ. రేపెప్పుడో రాబోయే వస్తువు కోసం. ఈ డ్రాయింగులో దానికి చోటు పెట్టడం మర్చిపోయాను."

వాన చప్పుడులో ఆ మాట పోయిందనే అనుకుంది.

తర్వాత రోజులు చకచకా నడిచాయి. వైర్లు లాగారు, రంగులు వేశారు. ఒకరోజు చలమయ్య వచ్చి ఇల్లంతా కలియదిరిగి "పర్లేదే!" అన్నాడు. ఆయన నోట పర్లేదంటే గొప్పే. ఆ రోజంతా శ్రీవల్లి కాలు నేల మీద నిలవలేదు.

గృహప్రవేశం ఇంక రెండ్రోజులుందనగా కొత్త స్విచ్చులు బిగించింది. ఒక్కోటీ గోడకు ఎక్కగానే చిన్న నీలం చుక్క వెలిగింది. హాలు, వంటిల్లు, పడగ్గదులు, వరండా. చివరికి మెట్ల దగ్గర, మనిషి కదలికను పట్టే కన్నున్న స్విచ్ బిగించింది.

చుక్క వెలగలేదు.

ఊడదీసి చూసింది. బాక్సులో రెండు ఎర్ర వైర్లున్నాయి. నల్లది లేదు.

"మేస్త్రీ!"

ఫణి వచ్చి, బాక్సు కూడా చూడకుండానే తల దించుకున్నాడు.

"తెలుసా మీకు?"

"తెలుసండి. సన్న పైపు. మూడో వైరు సగంలో ఇరుక్కుంది. చెబుదామనే వచ్చా ఆ రోజు. మీ నాన్నగారు పర్లేదన్నారని మీరు ఎగురుతున్నారు. ఆ మొహం చూసి చెప్పలేకపోయా. మామూలు స్విచ్ పెట్టి నడిపిద్దామనుకున్నా."

"మామూలు స్విచ్చా? ఆ ముసలావిడ మళ్ళీ గోడ తడుముకోవాలా? నా బోర్డు పోతే పోయింది, ఆవిడకు మాటిచ్చాను! రంగులేసిన గోడ ఇప్పుడు నిలువునా కొడతామంటే సాంబశివరావు గారు ఊరుకుంటారా?"

చివరి మాటకొచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫణికి ఆ కన్నీళ్ళు చూడటం కంటే నాలుగు తిట్లు తినడమే తేలికనిపించింది.

"ఇంకో దారుంది" అన్నాడు మెల్లగా. "డ్రాయింగులో లేని పైపొకటి ఉంది."

"ఏ పైపు?"

"వానలో అన్నారు గదండీ, ఖాళీ పైపొకటి ఉండాలని. మర్నాడే వేశా. పైన పెద్ద బోర్డు నుంచి ఈ మెట్ల గోడలోకి. డ్రాయింగులో లేంది ఎందుకేశావని తిడతారని చెప్పలా. కింద మూతి మీద మన తాపీ మేస్త్రి ఎలీషా పూత పూసేశాడు. ఎక్కడుందో అంగుళం లెక్కన తెలీదు. వెతుక్కుంటా కొడితే గోడంతా పోద్ది."

శ్రీవల్లి కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. నూట నలభై మూడు ఫోటోలు. ఒక్కోటీ జరుపుతుంటే ఒక్కోదాంట్లోనూ అదే చెయ్యి. మణికట్టుకు వెలిసిపోయిన దారం, బొటనవేలి మీద పాత కోత గుర్తు. ఎండలో, ముసురులో, సిమెంటు దుమ్ములో ఆమె చెప్పిన చోటల్లా టేపు కదలకుండా పట్టుకున్న చెయ్యి. ఆమె ఎప్పుడో వానలో అన్న మాటను పట్టుకున్నదీ ఆ చెయ్యే. ఈ మనిషి మీద తనకున్నది కోపం ఒక్కటే కాదని శ్రీవల్లికి అప్పుడు తెలిసింది.

ఆ వాన తర్వాత తీసిన మెట్ల గోడ ఫోటో వచ్చింది. బొటనవేలి పక్కనే తెల్లటి పైపు మూతి. టేపు మీద అంకెలు స్పష్టంగా ఉన్నాయి.

"బాక్సు నుంచి ఎడమకు ఒకటిన్నర అంగుళం!" అని అరిచింది. "ఈ స్విచ్ ప్లేటు మామూలుదానికంటే పెద్దది మేస్త్రీ. చిన్న కన్నం పెడితే దాని కిందే దాగిపోతుంది!"

ఫణి ఉలి పెట్టి నాలుగు దెబ్బలేశాడు. రూపాయి బిళ్ళంత పూత రాలి పైపు మూతి కనపడింది. అతను పైకి పరుగెత్తి వైరు లాగే స్ప్రింగును పైపులోకి తోశాడు. ఆమె కింద కన్నంలో వేలు పెట్టి నిలబడింది.

"వచ్చిందా?"

"రాలేదు!"

"ఇప్పుడు?"

"ఇంకాస్త... ఆగు... వచ్చింది! నా వేలికి తగిలింది!"

ఆమె మొదటిసారి 'ఆగండి' అనకుండా 'ఆగు' అన్నదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. కాసేపటికి నల్ల వైరు కిందికి దిగింది, దాన్ని పక్కనున్న బాక్సులోకి మళ్ళించి స్విచ్ బిగించారు. నీలం చుక్క వెలిగింది.

గృహప్రవేశం నాడు పొద్దున తొమ్మిదింటికి పాలు పొంగాయి. సగం ఊరు ఆ ఇంట్లోనే ఉంది. చలమయ్య చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష పెట్టే మాస్టారులా ఒక్కో గదీ చూస్తున్నాడు. సాంబశివరావు ఫోన్ నొక్కాడు, ఏసీ పలికింది. వరండా లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఊరికి కరెంటు పోయింది.

జనంలోంచి "అయిపోయింది!" అన్నారెవరో.

అయిపోలేదు. ముఖ్యమైన లైట్లన్నీ ఇన్వర్టరు మీద నడిచేలా శ్రీవల్లి ముందే గీసింది. మసకగా ఉన్న మెట్ల ముందు వెంకాయమ్మ నిలబడి ఉంది.

"ఎక్కు నాయనమ్మా" అంది శ్రీవల్లి. "నేను చెయ్యి పట్టుకోను. ఇల్లే చూసుకుంటుంది."

ముసలావిడ దేవుణ్ణి తలుచుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. లైటు వెలిగింది. ఆగింది, నవ్వింది, రెండో మెట్టెక్కింది. ఏడేళ్ళ తర్వాత ఎవరి సాయమూ లేకుండా, రెయిలింగు పట్టుకుని పై దాకా ఎక్కేసింది.

"ఒరేయ్ సాంబడా! నన్ను చూసి వెలిగిందిరా ఇది!"

ఇల్లంతా చప్పట్లు. మాచర్ల నుంచి వచ్చిన చుట్టం ఒకాయన అక్కడికక్కడే శ్రీవల్లి ఫోన్ నంబరడిగాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. చలమయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బోర్డు మీద పేరు తెలుగులో రాయించనా, ఇంగ్లీషులోనా?" అన్నాడు కూతురితో.

శ్రీవల్లి తండ్రిని వాటేసుకుంది.

ఇల్లు కట్టినవాళ్ళకు బట్టలు పెట్టే వేళైంది. ఎలీషాకీ, వడ్రంగికీ అయింది. "వైరింగోళ్ళని పిలవండి" అని వెంకాయమ్మ రెండు పీటలు వేయించింది, ఒకదానికొకటి ఆనించి. ఫణినీ శ్రీవల్లినీ పక్కపక్కన కూర్చోబెట్టి, అతనికి పంచె, ఆమెకు చీర ఒకే పళ్ళెంలో పెట్టి, అక్షింతలు చేతిలోకి తీసుకుంది.

ఆ పద్ధతి ఆలుమగలకు చేసేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నాయనమ్మా, మేం... అది కాదు... మేడం గారు, నేనూ..." అంటూ ఫణి లేవబోయాడు.

శ్రీవల్లి అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "కూర్చో."

"ఏందమ్మా ఇది?" అన్నాడు చలమయ్య.

"డ్రాయింగులో లేదు నాన్నా" అంది శ్రీవల్లి, తల దించకుండా. "కానీ ఈ ఇల్లు నిలబడింది డ్రాయింగులో లేని పైపుతోనే. అది వేసింది ఇతనే. నాకితను కావాలి."

చలమయ్య ఫణి వైపు తిరిగాడు.

"నువ్వేమంటావబ్బాయ్? బోర్డు మీద నీ పేరు కూడా రాయించమంటావా?"

"వద్దండీ" అన్నాడు ఫణి. "ఆమె పేరొక్కటే ఉండాల. గీసేది ఆమె. ఈసారి లావు పైపులేస్తా, వైరు మిగల్చను, ఏదీ దాచను. ఆమెంటే నాకు ప్రాణమండీ."

"ఇదంతా నాకు శ్రావణంలోనే తెలుసు" అంది వెంకాయమ్మ. "మెట్ల కింద టీలు తాగింది మా ఇంట్లోనే గదా!"

నవ్వులతో ఇల్లు దద్దరిల్లింది. చలమయ్య పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసి ముందుగా తనే ఇద్దరి తలల మీద చల్లాడు. సరిగ్గా అప్పుడే ఊరికి కరెంటు వచ్చి, ఏసీలు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. ఆ సందట్లో శ్రీవల్లి పీట మీద నుంచే ఫోన్ తీసి నూట నలభై నాలుగో ఫోటో తీసింది. అందులో ఫణి మొహం కూడా పడింది.