కువైట్ గంగరాజు

అమలాపురం గడియారస్తంభం దగ్గర సందులో ఒక ఎరువుల కొట్టుంది. దాని పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే మేడ మీద ఒకటే గది. రెండువేల ఎనిమిదిలో ఆ గది తలుపు మీద "డేటా ఎంట్రీ" అని చిన్న అట్టముక్క అంటించి ఉండేది. లోపల రెండు కంప్యూటర్లు, కిర్రుమనే ఫ్యాను, మూల కూజాలో మంచినీళ్ళు. కింద కొట్లోంచి ఎరువుల ఘాటు వచ్చి బట్టలకి పట్టేది. అంతకన్నా అమాయకమైన ఆఫీసు జిల్లా మొత్తంలో ఉండదనిపించేది చూసేవాళ్ళకి.

సత్యదుర్గ అక్కడ చేరి ఎనిమిది నెలలైంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. టైపు కొడుతుంటే వేళ్ళు కనపడవు. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "గవర్నమెంటు పనండి" అనేది. అది అబద్ధం కాదు. ఏం పనని గుచ్చి అడిగితే "కాయితాలు కంప్యూటర్లోకి ఎక్కించడమేనండి" అనేది. అది మాత్రం అబద్ధమే.

గోదావరి సముద్రంలో కలిసే చోటుని అటువైపు మొగ అంటారు. సత్యదుర్గ వాళ్ళది ఆ మొగ ఒడ్డునే ఉన్న చేపల వేటగాళ్ళ పల్లె, పాతమొగ. అక్కడ ఓడరేవు కడతామని ప్రభుత్వం ప్రకటించింది. రేవు కట్టాలంటే ఊరు ఖాళీ అవ్వాలి. పల్లెలో గొడవ కన్నా ఇంటర్నెట్టులో గొడవ ఎక్కువైంది. "మొగ కబుర్లు" అని ఒక చర్చల పేజీ ఉండేది. దుబాయిలో, మస్కట్లో పనిచేసే కోనసీమ కుర్రాళ్ళు డ్యూటీ దిగగానే అందులో చేరి, ఊరు ఇచ్చేది లేదని నిప్పులు కక్కేవారు. వాళ్ళకి జవాబులు రాయడమే ఈ గదిలో పని. ప్రభుత్వం పేరుతో కాదు. మామూలు మనుషుల పేర్లతో... ఎక్కడా లేని మనుషుల పేర్లతో.

పని అప్పగించిన అధికారి విజయకుమార్ గారు చాలా మర్యాదస్తుడు. ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు.

"మనం ఎవరికీ హాని చెయ్యట్లేదండి. రేవు కావాలనుకునే వాళ్ళు బోలెడుమంది ఉన్నారు. రాసే తీరిక లేదు పాపం. వాళ్ళ బదులు మనం రాస్తున్నాం," అన్నారు మొదటి రోజు. "ఒక్కో మనిషికీ ఒక గుర్తు పెట్టండమ్మా. కుంటికాలో, సుగరు జబ్బో, ఏదో ఒకటి. గుర్తుంటే జనం నమ్ముతారండి."

గుర్తులైతే పెట్టింది గానీ పేర్లు నిలబడలేదు. కోనసీమ వాళ్ళ సంగతి తెలియనిదేముంది? మనిషి పేరు చెప్పగానే "ఎవరి తాలూకండీ? ఏ వీధి? మీ నాన్నగారి పేరేంటి?" అని మొదలెడతారు. మస్కట్లో ఉన్నా ఆ అలవాటు పోదు. మూడో ప్రశ్నకే సత్యదుర్గ కల్పించిన మనుషులు నీళ్ళు నమిలేవారు. నిజం ఊరు, నిజం తండ్రి, నిజం ఇల్లు ఉన్న పేర్లు కావాలి. అడ్డం రావడానికి ఆ మనిషి మాత్రం ఉండకూడదు.

అలాంటి పేర్లు ఆమెకి ఏడు తెలుసు.

తొంభై ఆరు తుఫానప్పుడు పాతమొగ నుంచి వేటకెళ్ళిన ఒక పడవ తిరిగి రాలేదు. పడవలో ఏడుగురు. ఒక్క శవమైనా ఒడ్డుకి కొట్టుకురాలేదు. ఆ ఏడుగురిలో ఒకడు గంగరాజు, సత్యదుర్గ తండ్రి. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు. మిగిలిన ఆరిళ్ళ వాళ్ళూ ఏడ్చి, ఏడ్చి, కర్మలు చేసుకుని, సర్కారు కాయితం మీద సంతకాలు పెట్టారు. తల్లి పాపాయమ్మ ఒక్కతే పెట్టలేదు. "చచ్చిపోయేడని నేను వేలిముద్ర వెయ్యనండి. నేను చూసేనా?" అంది. బొట్టు తియ్యలేదు, పుస్తెలు తియ్యలేదు. గుమ్మం ముందు వెదురుగెడ పాతి, పొద్దువాలగానే దానికి లాంతరు కట్టేది. చీకట్లో మొగ ఎక్కడుందో పడవకి తెలియాలి కదా. పన్నెండేళ్ళు... జ్వరం వచ్చినా, గాలివాన వచ్చినా, ఒక్క సాయంత్రం కూడా ఆ దీపం మానలేదు.

ముందు ఆరు పేర్లూ వాడింది సత్యదుర్గ. తుఫానునాటికి పసివాళ్ళైన ఆ గల్ఫు కుర్రాళ్ళకి వాళ్ళు గుర్తుండరని ధైర్యం. ఒకణ్ణి మస్కట్లో ఏసీ మెకానిక్కుని చేసింది. ఇంకొకడికి కూతురి పెళ్ళి చేసింది. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉండేది గానీ వాళ్ళకి బతుకులు ఇస్తుంటే మనసుకి హాయిగా ఉండేది. ఆఖరికి ఒక మధ్యాహ్నం తండ్రి పేరు కొట్టింది. గంగరాజు, తండ్రి వీరవెంకటరమణ, భార్య పాపాయమ్మ. కువైట్ హార్బరులో పని. కాళ్ళకి బూట్లు తొడిగింది, చొక్కాకి సెంటు రాసింది. గుర్తు కోసం పైవరసలో ఒక బంగారు పన్ను పెట్టింది. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళకి ఆ పన్ను చూసినప్పుడల్లా, మా నాన్నకీ ఉంటే ఎంత బాగుండేదో అని చిన్నప్పుడు అనుకునేది మరి.

గంగరాజు ఏం రాసినా ఒకేలా మొదలుపెట్టేవాడు. "అందరికీ నమస్కారాలండి. మేమంతా క్షేమం." ఆ తర్వాత రేవు వస్తే ఊరికి మంచిదనీ, మా ఇల్లు సంతోషంగా ఇచ్చేస్తామనీ రాసేవాడు. జనం అతన్ని పలకరించడం మొదలుపెట్టారు. పన్ను గురించి వేళాకోళాలాడారు. పన్నెండేళ్ళ తర్వాత నాన్న నలుగురితో కబుర్లాడుతున్నాడు! సత్యదుర్గ కళ్ళు తుడుచుకుంటూ జవాబులు కొట్టేది.

ఆశ్వయుజంలో పాతమొగలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, మైకు, కుర్చీలు. సత్యదుర్గ కాయితాల కట్ట పట్టుకుని వేదిక పక్కన నిలబడింది. అవి ఊరివాళ్ళ ముందు చదువుతారని ఆమె అనుకోలేదు. "విదేశాల్లో ఉన్న మీ ఊరివాళ్ళేమంటున్నారో వినండి" అని విజయకుమార్ గారు కట్టలోంచి కాయితం తీసి చదవసాగారు. ఆయనకి ఆ పేర్లు ఎవరివో తెలియదు. టైపు పిల్ల కల్పించిందనే అనుకున్నారు.

"కువైట్ నుంచి గంగరాజు గారు..."

ఆడవాళ్ళ వరసలోంచి పాపాయమ్మ లేచింది.

"ఏ గంగరాజండీ?"

"తండ్రి పేరు వీరవెంకటరమణ, భార్య పాపాయమ్మ అని రాశారమ్మా. మీకు తెలుసాండీ?"

షామియానాలో తలలన్నీ ఆమెవైపు తిరిగాయి. పాపాయమ్మ పక్కనున్న గుంజ పట్టుకుంది.

"ఆయ్," అంది. "మా ఆయనేనండి."

కువైట్లో ఇంకో సంసారం పెట్టి ఉంటాడని వెనకనుంచి ఎవరో గొణిగారు. పాపాయమ్మ విని వెనక్కి తిరిగింది. "పెట్టుకోనీ. బతికున్నాడు కదా," అంది. ఆ ముఖంలో వెలుగు సత్యదుర్గ పుట్టిన తర్వాత ఎన్నడూ చూడలేదు. అమ్మా, అది నేను రాసేనే... మాట గొంతు దాకా వచ్చింది. వేదిక మీద విజయకుమార్ గారు చూస్తున్నారు, చుట్టూ ఊరంతా ఉంది. తల వంచుకుని చేతిలో కాయితాలు సర్దుకుంది. సర్కారు కాయితం మీద వేలు పెట్టనన్న మనిషి, ఆయన అడిగేడు కాబట్టి ఇల్లిచ్చేస్తున్నానని తనంతట తనే సిరాలో వేలు ముంచింది. పాపాయమ్మే వేసేక మాదేముందని ఊరంతా వేసింది.

ఆ తర్వాత సత్యదుర్గ అమలాపురం వదిలి ఇంటికి వెళ్ళలేదు. కార్తీకంలో ఇళ్ళు కూలగొట్టారు. అందర్నీ అమలాపురం పక్కన కట్టిన కాలనీకి లారీల్లో తెచ్చారు. ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. సాయంత్రం అయిదున్నరకే సందులో చీకటి పడిపోయింది. సత్యదుర్గతో పనిచేసే కృపావతి వాన పెరగకముందే ఇంటికెళ్ళిపోయింది. గదిలో తడిసిన గోడల వాసన, కింద ఎరువుల ఘాటు. చూరునుంచి నీళ్ళు రేకు మీద పడుతున్న చప్పుడు. కంప్యూటరు కట్టేద్దామని లేస్తుంటే తలుపు తోసుకుని తల్లి వచ్చింది. చేతిలో గోనెసంచి, సంచిలో లాంతరు.

"ఇదేంటే, ఇంత వానలో వచ్చేవు?"

"ఆయన ఉత్తరాలు మీ ఆఫీసుకే వస్తాయంట కదా. ఒక్కటి చూపించు, బుల్లీ. కాలనీకి వచ్చేసేమని రాయి. పాపం, తిన్నగా మొగకి వెళ్ళిపోతాడు."

సత్యదుర్గ ఇక తట్టుకోలేకపోయింది. తల్లి కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పేసింది. ఆ ఏడు పేర్లూ, గుర్తులూ, బంగారు పన్నూ. "నాన్న లేడమ్మా. ఆ రాతలన్నీ నావే."

పాపాయమ్మ సంచి కింద పెట్టింది. మెల్లగా ఆ ముఖంలో వెలుగు ఆరిపోయింది. పన్నెండేళ్ళుగా రానివ్వని ఏడుపేదో ఆమె గొంతులోకి వచ్చి...

కంప్యూటరు టింగుమంది.

తెరమీద కొత్త రాత. గంగరాజు పేరుతో.

"అందరికీ నమస్కారాలండి. మేమంతా క్షేమం. సొంతూరు వచ్చేను."

సత్యదుర్గ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఆ పేరు పాస్‌వర్డు ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. కృపావతికి కూడా.

"ఏం రాసేరే?" అంది తల్లి. పాపాయమ్మకి చదువు రాదు.

సత్యదుర్గ నోరు తెరిచేలోగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్లకింద బ్యాటరీ పెట్టె కుయ్... కుయ్... అంటోంది. చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది. ఇంకో వరస వచ్చింది.

"ఇల్లు లేదని తెలుసండి. సంతోషంగా ఇచ్చేసేం కదా. ఆఫీసుకే వస్తున్నాను."

కింద మెట్ల మీద అడుగు పడింది.

టక్... టక్... బూట్లు. గంగరాజు జన్మలో చెప్పులైనా తొడగలేదు. బయట అంత వాన... ఆ అడుగుల్లో తడి చప్పుడే లేదు. ఎరువుల ఘాటు ఒక్కసారిగా పోయి గది నిండా సెంటు వాసన కమ్మింది.

"అమ్మా... తలుపు తియ్యకే," గొణిగింది సత్యదుర్గ.

పాపాయమ్మ అప్పటికే అగ్గిపుల్ల గీసి లాంతరు వెలిగించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, బొట్టు సరిచూసుకుంది. తలుపు తీసింది.

గుమ్మంలో ఒక మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. ఒక్క చినుకు మరక లేదు.

"అందరికీ నమస్కారాలండి," అన్నాడు. "మేమంతా క్షేమం."

పాపాయమ్మ లాంతరు ఎత్తి పట్టింది.

బంగారు పన్ను మెరిసింది. దట్టమైన కనుబొమలు. మీసం. తండ్రి ముఖంలో సత్యదుర్గకి గుర్తున్నవి అవే. పద్నాలుగేళ్ళ పిల్లకి ఎంత గుర్తుంటుంది? ఆమెకి గుర్తులేని చోట... ఆ ముఖంలో ఏమీ లేదు. చెవులు లేవు. గడ్డం ఉండాల్సిన చోట నున్నగా, ఖాళీగా ఉంది.

పాపాయమ్మ లాంతరు ఇంకా దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత కూతురివైపు తిరిగి, చిన్నపిల్లలా, మెల్లగా అంది:

"ఈయన మీ నాన్న కాదే."

మళ్ళీ అతనివైపు తిరిగింది. "మా ఆయనెక్కడున్నారండీ?"

"మేమంతా క్షేమమండి."

"చలిలో ఉన్నారా? ఒడ్డు దొరకలేదా? చెప్పండి బాబూ..."

"రేవు వస్తే ఊరికి మంచిదండి. మేమంతా క్షేమం."

సత్యదుర్గ రాసిన మాటలే. వాటికి మించి ఒక్క ముక్క అతని దగ్గర లేదు. ఇతన్ని అడిగి లాభం లేదని పాపాయమ్మకి అర్థమైంది. ఉలిక్కిపడి కిటికీలోంచి చీకటిని చూసింది.

"అయ్యో... పొద్దుపోయింది. ఇవాళ ఆయనకి దీపం లేదే!"

లాంతరు పట్టుకుని అతన్ని తప్పుకుంటూ మెట్లు దిగిపోయింది. అతను నవ్వు చెరగకుండానే వెనక్కి తిరిగి ఆమె వెంట దిగాడు. తడి కాళ్ళ చప్పుడు, దాని వెనకే బూట్ల చప్పుడు. సత్యదుర్గ సందులోకి పరిగెత్తేసరికి వాన తప్ప ఏమీ లేదు. ఎటు చూసినా దీపం కనపడలేదు.

ఆ రాత్రే ఆటో మాట్లాడుకుని పాతమొగకి పోయింది. ఊరున్న చోట చదును చేసిన ఇసుక. కాపలావాడు ఎవరూ రాలేదన్నాడు. పోలీసులు మూడు రోజులు ఒడ్డంతా వెతికించారు. ఏమీ దొరకలేదు. అమ్మ బతికుందని అనాలో, పోయిందని అనాలో సత్యదుర్గకి తెలియలేదు. పన్నెండేళ్ళు తల్లి మోసిన బరువు ఎంతో అప్పుడు తెలిసింది. తెలిసి గుండె పగిలేలా ఏడ్చింది.

నాలుగో రోజు సాయంత్రం ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి ఆఫీసుకి వెళ్ళింది. విజయకుమార్ గారు తెర ముందు కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ లేనిది సంతోషంగా ఉన్నారు.

"ఈ కొత్త పేరు చాలా బాగుందండి. ఎంత సహజంగా ఉందో! మీరేనా పెట్టింది?"

సత్యదుర్గ చూసింది. పేరు, పాపాయమ్మ. ఊరు, కువైట్.

"అందరికీ నమస్కారాలండి. మేమంతా క్షేమం. ఇల్లు సంతోషంగా ఇచ్చేసేం. ఈయన నన్ను బాగా చూసుకుంటున్నారు."

ఆయన మంచినీళ్ళకని కూజా దగ్గరికి లేచారు. ఆ రాత కింద ఒక్కో అక్షరం పడసాగింది. తడుముకుంటూ, చదువు రాని మనిషి రాసినట్టు.

"బుల్లీ... మీ నాన్న ఇంకా ఒడ్డుకి రాలేదే... దీపం..."

రెప్పవేసేలోగా ఆ వరస చెరిగిపోయింది. పైరాత మాత్రం అలాగే ఉంది.

కిరసనాయిలు వాసన వేసింది. సత్యదుర్గ వంగి బల్లకింద చూసింది. తల్లి తీసుకెళ్ళిన లాంతరు అక్కడుంది. ఆరిపోయి ఉంది. అడుగున తడి ఇసుక అంటుకుంది. చెయ్యి చాచి గాజుబుడ్డి ముట్టుకుంది. చుర్రుమని కాలింది.