కాలని చేతులు

సీమోను మొదటిసారి సారాను చూసినప్పుడు అతని కుడిచేతి బొటనవేలు గ్లాసుడు నీళ్లలో మునిగి ఉంది. ఆ గ్లాసు పట్టుకునే అతను మారీసుపేట నుంచి బోసు రోడ్డు దాకా నడిచి వచ్చాడు. దారిలో పలకరించిన వాళ్లందరికీ "ఏం లేదండి, చిన్న పని మీద" అని చెప్పుకుంటూ వచ్చాడు.

డాక్టరు దక్షిణామూర్తి గారి క్లినిక్కులో ఆ రోజు కొత్త నర్సు ఉంది. ఆమె గ్లాసులోకి చూసింది, అతని మొహంలోకి చూసింది, మళ్లీ గ్లాసులోకే చూసింది. అక్కడే ఏదో కాస్త అర్థమయ్యేట్టు ఉందనుకుంది కాబోలు.

"ఎలా కాలింది?"

"కనిపెడుతుంటే కాలిందండి."

"ఎవర్ని?"

"ఎవర్నీ కాదండి. వస్తువుని. ఇన్వెన్షన్."

సారా వేలు బయటికి తీసి తుడిచింది. పసుప్పచ్చటి ఆయింట్‌మెంటు రాస్తూ, మాట వరసకి అడిగినట్టు అడిగింది. "ఏంటా వస్తువు?"

ఇంతవరకు సీమోనుని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అడక్కుండానే వినాల్సి వచ్చినవాళ్లే ఎక్కువ. అందుకని కాస్త తడబడ్డాడు.

"సోల్డరింగ్ ఐరన్ అండి. మామూలుదానికి కరెంటు కావాలి కదా. మనకేమో కరెంటు దాని ఇష్టం. ఇది గ్యాసుతో పనిచేస్తుంది. సిగరెట్ లైటర్లో పోసే గ్యాసు. లావుపాటి పెన్నంత ఉంటుంది. జేబులో పెట్టుకోవచ్చండి."

"నిప్పునా?"

"ఆర్పి పెట్టుకోవాలండి."

"అది కూడా మీరే కనిపెట్టారా?"

సీమోను ఆలోచనలో పడ్డాడు. ఆ మాటలో వెటకారం ఉందని అతనికి ఇంటికి చేరాక తెలిసింది. తెలిసినా కోపం రాలేదు. రాకపోవడమే అతనికి వింతగా అనిపించింది.

సీమోను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివాడు. తండ్రి అంద్రెయకి తెనాలిలో స్టవ్వులూ, ఇస్త్రీ పెట్టెలూ బాగుచేసే షాపు ఉంది. కొడుకు కొత్త వస్తువులు కనిపెట్టడం మీద అంద్రెయకి ఏ అభ్యంతరమూ లేదు. "కనిపెట్టడం అయ్యాక ఆ స్టవ్వుకి పిన్ను పెట్టు" అనేవాడు, అంతే.

రెండోసారి వెళ్లినప్పుడు ఎడమచెయ్యి. గ్లాసులో ముంచి టీ కాచుకునే బుల్లి హీటరు. రైలు ప్రయాణికుల కోసం.

"రైలు పెట్టెలో ప్లగ్గు ఎక్కడుంటుంది?" అంది సారా.

సీమోను తన కట్టు కేసి చూసుకున్నాడు.

"అది ఇంకా ఆలోచించలేదండి."

మూడోసారి చెవి వెనకాల. అక్కడ కొంత జుట్టు కూడా లేదు. వానాకాలంలో తలంటు పోసుకున్న ఆడవాళ్లకి జుట్టు ఆరదు కదా అని కరెంటు దువ్వెన చేశాడు. ముందు తన మీదే పరీక్ష చేసుకున్నాడు.

"ఆరిందా?" అంది సారా.

"ఆరిందండి. తర్వాత అంటుకుంది."

సారా పెదవులు బిగబట్టుకుని దూది తేవడానికి లోపలికి వెళ్లింది. దూది సీసా బల్ల మీదే ఉంది. కాసేపటికి దగ్గుతూ తిరిగొచ్చింది. బయట వాన. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. ఆమె మందు రాయడానికి అతని తల కాస్త పక్కకి వంచింది. ఆ వంచిన కోణంలో సీమోనుకి కిటికీ, వాన, సందుమొదట్లో ఆగిన రిక్షా కనిపించాయి. ఇంత మంచి వానని తెనాలిలో అదివరకెప్పుడూ చూడలేదనిపించింది.

"అందరూ నన్ను సిస్టర్ అంటారు. మీరేంటి, వచ్చిన దగ్గర్నుంచీ ఏమండీ ఏమండీ అంటారు?"

"అలవాటండి."

"ఎవర్ని పిలిచి?"

సీమోను జేబు తడుముకున్నాడు. "ఎంత ఇవ్వాలండి?" అని లేచాడు.

క్లినిక్కులో కాంపౌండరు వీరరాఘవయ్య గారికి వయసు మీద పడింది. చూపు తగ్గినా లోకజ్ఞానం తగ్గలేదు. ఒకరోజు ఆయన మందు కలుపుతూ, "అమ్మా సారా, ఈ స్టవ్వుల షాపు కుర్రాడు కావాలనే కాల్చుకుంటున్నాడమ్మా" అన్నాడు.

"ఊరుకోండి బాబాయిగారూ."

"నేను చెప్తున్నాగా. నీ ముందున్న నర్సు టైములో ఒక్కసారి కూడా రాలేదు. నువ్వొచ్చావు, వాడికి నిప్పు గుర్తొచ్చింది. పాపం, ఏదో ఒకరోజు మొహమే కాల్చుకుంటాడు."

సారా ఆ మాట నవ్వుతూనే వింది. కానీ సాయంత్రానికి అది మనసులో ముల్లులా దిగింది. ఒంటిని కాల్చుకుని వచ్చేవాళ్లని ఆమె నర్సు ట్రైనింగులో చూసింది. వాళ్లలో కొందరు మళ్లీ ఇంటికి వెళ్లలేదు. నిప్పుతో ఆటలాడేవాడంటే ఆమెకి ఒళ్లు మండింది.

తర్వాతిసారి సీమోను మణికట్టు చూపించుకోవడానికి రాగానే, కూర్చోమని కూడా అనలేదు.

"సీమోను గారూ, నిజం చెప్పండి. మీరు కావాలనే కాల్చుకుంటున్నారా?"

"ఏంటండి?"

"నన్ను చూడ్డానికి వంక కోసం. అందరూ అంటున్నారు."

సీమోను మొహం ఎర్రబడింది. ప్రేమ బయటపడ్డందుకు కాదు. అది బయటపడిన సంగతి అతను ఇంకా గమనించలేదు.

"అంటే నా ఇన్వెన్షన్లన్నీ నాటకమంటారా?"

"నేనేమీ అనట్లేదు, అడుగుతున్నాను."

"అవి నిజంగానే ఫెయిలవుతున్నాయండి! రాత్రింబవళ్లు కష్టపడితే ఫెయిలవుతున్నాయి. కావాలని చేసేవాడినైతే ఇంత బాగా కాలుతుందా?"

"కావాలనో, చేతకాకో, ఇంకోసారి కాల్చుకుని ఇక్కడికి రాకండి. చెయ్యిని చెయ్యిలా చూసుకోవడం రానివాడు ఏం కనిపెట్టి ఎవరికేం లాభం?"

మందు మాత్రం రాసింది. కట్టు కూడా ఎప్పటికన్నా గట్టిగా కట్టింది.

సీమోను షాపుకి వచ్చి కూర్చున్నాడు. అతనికి అవమానంగా ఉంది. ఇప్పుడు కాలకూడదు. కాలితే ఆమె మాట నిజమవుతుంది. కాలినా వెళ్లకపోతే కాలినట్టు అతనికైనా తెలుస్తుంది.

గ్యాసు ఐరన్ చేతిలోకి తీసుకుని, మొదటిసారిగా మంట వైపు నుంచి కాకుండా పిడి వైపు నుంచి చూశాడు. ఇంతకాలం దాని ముక్కు ఎంత ఎర్రగా కాలుతుందా అనే చూశాడు. పట్టుకునేవాడి వేళ్లు ఎక్కడుంటాయో ఎప్పుడూ అనుకోలేదు. ఇనప గొట్టం మీద చెక్కపిడి తొడిగాడు. మధ్యలో గాలి ఆడేట్టు సందు వదిలాడు. వేలు తీసెయ్యగానే గ్యాసు ఆగిపోయేలా స్ప్రింగు పెట్టాడు. వెలిగించేటప్పుడు ఉఫ్‌మని మొహం మీదకి వచ్చే మంటని చిన్న రేకు కప్పుతో అడ్డుకున్నాడు.

"ఇదేంటి, నీ చేతులు బాగానే ఉన్నాయి? ఒంట్లో బాలేదా?" అన్నాడు అంద్రెయ.

వానలు వెనకపట్టే వేళకి ఐరన్ పనిచేసింది. రేడియో మెకానిక్కులు అరువడిగి తీసుకెళ్లి తిరిగి ఇవ్వడానికి ఏడ్చారు. సంగం జాగర్లమూడిలో ఒకాయన కరెంటు లేని పూట, పొలంలోనే మోటారు తీగ అతికించుకున్నాడు. ఎవరి చెయ్యీ కాలలేదు.

సీమోను సంతోషంగా ఉండాలి. కానీ క్లినిక్కుకి వెళ్లడానికి అతని ఒంటి మీద ఒక్క కారణమూ లేదు. ఒకసారి అమ్మ వేసే అట్ల పెనం తగిలి వేలు కాలింది. చొక్కా చేతులు కిందికి లాక్కుని తిరిగాడు తప్ప వెళ్లలేదు.

చివరికి ఐరన్ జేబులో పెట్టుకుని, దాన్ని చూపించడానికే వెళ్తున్నానని తనకు తాను నచ్చచెప్పుకుని వెళ్లాడు. బల్ల దగ్గర ఇంకో నర్సు ఉంది.

"సారానా? బాపట్లలో పెద్ద ఆస్పత్రిలో చేరిందయ్యా" అన్నాడు వీరరాఘవయ్య. "వెళ్లేముందు నీ గురించి అడిగింది. ఈమధ్య రావట్లేదేంటి బాబాయిగారూ అని. పాపం మానేసినట్టున్నాడమ్మా అన్నాను."

"ఏం మానేశానని?"

"కాల్చుకోవడం."

సీమోను అట్నుంచటే స్టేషనుకి వెళ్లి బాపట్ల పాసింజరు ఎక్కాడు. నిడుబ్రోలు దాటాక, ఆమెతో ఏం చెప్పాలో ఆలోచించుకోవడం మొదలుపెట్టాడు. బాపట్ల వచ్చేసింది. ఆలోచన రాలేదు.

ఆస్పత్రికి చేరేసరికి వాన. మధ్యాహ్నమే చీకటి పడినట్టయింది. సారా వరండా చివర గదిలో సిరంజీలు ఉడకబెట్టే పెట్టె దగ్గర ఉంది. అతన్ని చూసి చేతిలోని పట్టకారు కింద పెట్టింది. ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

సీమోను జీవితంలో కాలం ఇంత కలిసిరావడం అదే మొదలు. "కంగారు పడకండి" అని జేబులోంచి ఐరన్ తీశాడు. ముక్కు ఊడదీశాడు. సన్నటి నీలపు మంట లేచింది. "ఇది నిమిషంలో ఆ నీళ్లని..."

వెనకాల గర్రుమని చప్పుడు. లైట్లన్నీ వెలిగాయి.

"ఆస్పత్రికి జనరేటరు ఉందండి" అంది సారా మెల్లగా.

"మంచి ఆస్పత్రండి" అన్నాడు సీమోను. మంట ఆర్పాడు.

కాసేపు ఇద్దరూ వాననే చూశారు. తర్వాత ఆమె, "చేతులు చూపించండి" అంది.

చాపాడు. తిప్పి చూసింది. వేళ్లు విడివిడిగా చూసింది. చెవి వెనకాల కూడా చూసింది. జుట్టు మొలిచింది.

"ఎక్కడా కాలలేదే!"

"లేదండి."

"మరి ఎందుకొచ్చారు?"

"అదే చెబుదామనండి. కాలకపోయినా రావాలనిపిస్తోంది."

సారా చీరకొంగు సర్దుకుంది. అప్పుడు చూశాడు సీమోను, ఆమె మణికట్టు మీద ఎర్రటి చార.

"ఇదేంటండి? మీకు కాలింది!"

"ఆ పెట్టె మూతకి ఇనప పిడి పెట్టారు. ఎవరు కనిపెట్టారో మహానుభావుడు."

"మందు రాశారా?"

"అందరికీ నేను రాస్తాను. నాకెవరు రాస్తారు?"

సీమోను అటూ ఇటూ చూసి ట్యూబు అందుకున్నాడు. గోరంత గాయానికి అరచేతికి సరిపడా రాశాడు.

"ఎక్కువ రాశారు" అంది సారా.

"తీసెయ్యమంటారా?"

"వద్దు. ఉండనివ్వండి." చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "వచ్చే ఆదివారం నాకు సెలవు. రేపల్లె వెళ్తున్నాను. గుళ్లో ప్రార్థన అయ్యాక మీ నాన్నగారిని తీసుకుని రండి. మా అమ్మని అడగాల్సింది మీరే. నేను మటుకు ఇప్పుడే చెప్తున్నాను, నాకు ఇష్టమే."

సారా తల్లి రాజమ్మ గారు రేపల్లెలో రిటైరైన టీచరు. భర్త పోయాక కూతుర్ని ఒక్కర్తే పెంచింది. ఆదివారం తండ్రీకొడుకుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"కనిపెడుతుంటానండి."

"స్టవ్వులు కూడా బాగుచేస్తాడండి" అన్నాడు అంద్రెయ గబుక్కున.

"చూడండి అన్నయ్యగారూ, అమ్మాయి అంతా చెప్పింది. కాలిన చేతులకి కట్టు కట్టడం దానికి ఆస్పత్రిలో సరిపోతుంది. ఇంటికొచ్చి కూడా కట్టాలా? కనిపెట్టింది చూపిస్తారు సరే. అది ఒక ఇంట్లో ఒక పనికి పనికిరావడం నేను చూడాలి."

లోపలికి వెళ్లి ఇత్తడి బిందె తెచ్చి అతని ముందు పెట్టింది. "మా అమ్మ నా పెళ్లికి పెట్టింది. అడుగున కారుతోంది. మాట్లు వేసేవాళ్లు ఊళ్లో లేకుండా పోయారు. అందరూ స్టీలు కొనుక్కోమంటున్నారు. నాకు కొనుక్కోవాలని లేదు."

సీమోను బిందె బోర్లించి చిల్లు వెతికాడు. చింతపండుతో రుద్ది, తుడిచి, ఎండలో ఆరబెట్టాడు. గ్యాసు మంట పెట్టి తగరం కరిగించాడు. బిందె పెద్దది. పెట్టిన వేడినల్లా అది తాగేస్తోంది. చెమటలు కక్కాడు గానీ చెయ్యి కాల్చుకోలేదు. సారా గుమ్మంలో నిలబడి అతని వేళ్లనే చూస్తోంది.

మాటు పడింది. రాజమ్మ గారు బిందె నిండా నీళ్లు పోయించి, ఎర్రగచ్చు మీద రెండు ఇటికలు పెట్టించి, వాటి మీద నిలబెట్టింది.

"చూద్దాం" అంది.

నలుగురూ బిందె చుట్టూ కూర్చున్నారు. అంద్రెయ ఒకసారి, ఈ ఏడు కాలవ నీళ్లు బాగానే వచ్చాయన్నాడు. ఎవరూ అందుకోలేదు. వంటింట్లోంచి కోడికూర వాసన వస్తోంది. సీమోను జన్మలో ఏ వస్తువునీ అంత భయంగా చూడలేదు. గచ్చు పొడిగా ఉంది. ఇంకా పొడిగానే ఉంది.

అప్పుడు బిందె అడుగున చిన్న మెరుపు కనిపించింది. అది పెరిగి, గుండ్రమై, వేలాడి, గచ్చు మీద పడింది.

సీమోనుకి కనిపించింది. సారాకి కనిపించింది. ఆమె మొహంలో రంగు పోయింది.

రాజమ్మ గారు ముందుకి వంగింది. పమిట చెంగుతో గచ్చు తుడిచింది. నిటారుగా కూర్చుంది.

"కారట్లేదు" అంది.

సీమోను గచ్చు వైపు చూపించాడు. "ఒక చుక్క వచ్చిందండి."

"నిండా పోశాం కదా, తొణికి ఉంటుంది."

"కాదండి, మాటు దగ్గరే..."

"బాబూ, ఇన్నేళ్లూ పిల్లల పేపర్లు దిద్దాను. ఎక్కడ కళ్లద్దాలు పెట్టుకోవాలో, ఎక్కడ తియ్యాలో నాకు తెలుసు. నేను చూడలేదన్నాను. నువ్వు చూశానన్నావు. అమ్మాయిని ఇవ్వడానికి నాకది చాలు." ఆవిడ మోకాళ్ల మీద చేతులూని లేచింది. "అన్నయ్యగారూ, వచ్చే ఆదివారం నుంచి గుళ్లో పెళ్లి ప్రకటన చదవమని పాస్టరు గారికి చెప్తాను. లేవండి, చేతులు కడుక్కోండి. కూర చల్లారిపోతోంది."

అంద్రెయ అప్పటికే లేచాడు. సీమోను కూడా లేచి ఆయన వెనకాలే నడిచాడు. గుమ్మం దగ్గర తిరిగి చూశాడు.

సారా రెండు చేతులా బిందె పట్టుకుని, చప్పుడు కాకుండా కాస్త తిప్పి పెడుతోంది, చుక్కలు గోడ వైపు పడేటట్టు.