వెలగని ఎర్రలైటు

వాడు ఆ రాత్రి నిజంగానే స్టీరింగ్ మీద నిద్రపోయాడా? ఏజెంట్ సెవెన్‌ను ఏళ్ల తరబడి తొలిచేస్తున్న సందేహమిది. పొగమంచులో ముందు వెళ్తున్న మిలటరీ ట్రక్కు ఆగింది. వెనకే వస్తున్న స్నేహితుడి జీపు ఆగలేదు. "నిద్రపోయాడు" అని తేల్చేశాడు జనరల్. నిజం ఆ పైవాడికే తెలియాలని దండం పెట్టుకోవడం తప్ప సెవెన్ ఏమీ చేయలేకపోయాడు.

ఉదయాన్నే చీఫ్ పిలిచాడు.

"ఈరోజు పెరేడ్. జనరల్ ఎక్కే పాత ట్రక్కుకు బ్రేక్ లైట్ వెలగట్లేదు. దానికి ఎలక్ట్రీషియన్ని పంపమని మన డబుల్ ఏజెంట్ అడిగింది."

"అడగనీండి సార్."

"మనల్ని కాదు, శత్రు ముఠాని. వాళ్లు పంపినవాణ్ణి దారిలో పట్టేశాం. వాడి బదులు నువ్వెళ్లు."

ఆ డబుల్ ఏజెంట్ ఎవరో సెవెన్‌కు తెలుసు. ఆమె చనిపోయిన ఆ స్నేహితుడి భార్యే.

అతికించిన మీసం, గ్రీజు మరకల చొక్కాతో సెవెన్ వెళ్లాడు. షెడ్డు తలుపు దగ్గర నల్లకళ్లద్దాలతో నిలబడి ఉందామె.

"కొత్త బల్బు తెచ్చావా?"

"పాతదే వెలుగుతుంది మేడమ్."

పట్టుబడినవాడు చెప్పిన కోడ్ కుదిరింది.

ట్రక్కు వెనక బంపర్‌కు పాత సొట్ట. సెవెన్ చెయ్యి దానిమీదే ఆగిపోయింది. ఆ రాత్రి ముందున్న ట్రక్కు ఇదే!

బల్బు బాగుంది. ఎర్త్ బాగుంది. పెడల్ దగ్గరి స్విచ్ కూడా బాగుంది, దానికి కరెంటే రావడం లేదు. లైటు వైరు నుంచి మాత్రం ఒక కొత్త వైరు చీలి జనరల్ సీటు కిందికి పాకింది. బాంబు! బ్రేక్ తొక్కితే పేలాలి. లైటుకు రాని కరెంటు దానికీ రాలేదు.

డాష్‌బోర్డ్ స్విచ్ విప్పాడు. యుద్ధంలో శత్రువుకు కనబడకుండా మిలటరీ బండ్లకు బ్లాక్‌అవుట్ అని స్విచ్ మీద ఒక స్థానం ఉంటుంది. మీట అక్కడుంటే బ్రేక్ లైట్ వెలగదు. మీట మామూలు చోటే ఉంది. లోపలి పలక మాత్రం తుప్పుపట్టి బ్లాక్‌అవుట్‌లోనే బిగుసుకుపోయింది.

కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ లాంప్ బయటికి తీశాడు. దాని పిడికి చుట్టిన నీలందారం చూసి ఆమె కళ్లద్దాలు తీసేసింది.

"అది మా ఆయనది... నువ్వా అన్నయ్యా?"

సెవెన్ మీసం పీకేశాడు.

"నాకు అడ్డురాకు. మొద్దునిద్రగాడి పెళ్లామని నవ్వులపాలయ్యాను. ఆ జనరల్‌ను వదలను!"

"ఇటు చూడమ్మా. మీట ఒకటి చెబుతోంది, లోపల ఇంకోటి జరుగుతోంది. ఆ రాత్రి వాడికి ఎర్రలైటు కనబడనేలేదు. వాడు నిద్రపోలేదు తల్లీ."

స్క్రూడ్రైవర్‌తో పలకను జరిపాడు. లాంప్ వెలిగింది.

"జరుగు బాబూ, బ్యాండ్ మొదలైపోయింది!" డ్రైవర్ అవతలి తలుపులోంచి ఎక్కేశాడు. అతని కాలు పెడల్ మీదికి వెళ్తోంది.

"తొక్కకు!" సెవెన్ కేక బ్యాండు మోతలో కలిసిపోయింది.

ఆమె సెవెన్ సంచిలోంచి కట్టర్ లాక్కుంది. సీటు కింద చెయ్యి పెట్టింది. కొత్త వైరు తెగింది.

బ్రేక్ పడింది. వెనక ఎర్రలైటు వెలిగి షెడ్డు గోడ ఎర్రబడింది. అప్పుడు వెలగాల్సిన లైటు. దాన్ని చూస్తూ ఆమె కుప్పకూలిపోయింది.

జనరల్ పెరేడ్‌కు నడిచే వెళ్లాడు. ఎందుకు నడవాల్సి వచ్చిందో ఆయనకు సాయంత్రం చీఫ్ చెప్పాడు, స్నేహితుడి సంగతితో సహా.

బేడీలు వేసిన ఆమె చేతిలో సెవెన్ ఆ లాంప్ పెట్టాడు. చీఫ్ చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

"వాడి దగ్గర తీసుకున్నానమ్మా, రేపు ఇచ్చేస్తానని."

ఆమె నీలందారాన్ని వేలితో నిమిరింది.

"నీ రేపు ఇప్పటికి తెల్లారిందా, అన్నయ్యా?"