హమాంలోంచి ఎవరూ బయటికి రాలేదు

లహరి తలుపు తట్టేసరికి డిటెక్టివ్ వనజాక్షికి ఒళ్లు మండిపోతూ ఉంది. అనంతపురంలో ఆమె ఉండే వీధికి కొళాయి నీళ్లు రాక అది నాలుగో రోజు. మున్సిపాలిటీకి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ ఒకే గొంతు ‘వస్తాయి మేడం’ అంది. 2003 ఆగస్టు అది. వానలు మొహం చాటేయటం వరుసగా మూడో ఏడు. ఇరవై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న ఆమెకు ఎలాంటి చిక్కుముడైనా విప్పటం వచ్చు. ఎండిపోయిన కొళాయి ముందు మాత్రం ఆ తెలివంతా దండగే.

ఆమె సహాయకుడు రాఘవేంద్ర కోర్టులో గుమాస్తాగా రిటైరైన పెద్దమనిషి. ఉన్న ఒక్క బిందె నీళ్లలో కాసిని వంచి టీ గ్లాసులు కడిగాడు. ఆ కడుగునీళ్ల టబ్బు బయటికి మోసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“ట్యాంకరు వచ్చిందేమో బయటికి పోయి చూసినారా?” అంది వనజాక్షి.

“పొద్దున్నుంచీ నేను గడప దాటితే గదా మేడం!”

అప్పుడు వచ్చింది లహరి. ఇరవై ఏళ్ల పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. కళ్యాణదుర్గం నుంచి తొలి బస్సుకు బయల్దేరి వచ్చిందట.

“మా నాయన నల్లప్పను నిన్న పోలీసులు పట్టుకపోయినారు మేడం. రాయి యాడ పెట్టినావో చెప్పు అని అరికాళ్ల మీద కొడతాండారు. ఈ సాయంత్రం లోపల చెప్పకపోతే కేసు రాసి జైలుకు పంపిస్తారంట. మా నాయనకు ఉబ్బసం. జైల్లో బతకడు మేడం.”

“ఏం రాయి?”

“వజ్రం. హమాంలో పోయింది.”

కళ్యాణదుర్గంలో హమాం ఏమిటని రాఘవేంద్ర నోరు తెరిచాడు. ముగ్గురూ కళ్యాణదుర్గం బస్సెక్కాక లహరి దారిలో చెప్పుకొచ్చింది. శెనక్కాయ నూనె మిల్లు గంగాధరప్ప రెండేళ్ల కిందట వ్యాపారుల గుంపుతో టర్కీ చూడబోయాడు. ఇస్తాంబుల్లో ఎవరో బలవంతంగా ఒక పాత హమాంలోకి తీసుకుపోయారు. వేడి పాలరాతి అరుగు మీద పడుకోబెట్టి, మీసాల మనిషొకడు గరుకు సంచితో ఒళ్లంతా తోమి, నురగలో ముంచి, రాగి గిన్నెతో నీళ్లు కుమ్మరించాడట. నలభై ఏళ్ల మట్టి ఒక్క పూటలో వదిలిందని గంగాధరప్ప మురిసిపోయాడు. తిరిగి రాగానే తన లాడ్జి పక్కన అచ్చం అలాంటిదే కట్టించాడు. తాగేకి నీళ్లు లేకుంటే ఈయప్పకు టర్కీ స్నానం కావల్సొచ్చిందని ఊరంతా తిట్టింది. కానీ బళ్లారికీ ధర్మవరానికీ తిరిగే వ్యాపారులు మాత్రం దిగి, చేసి, మెచ్చుకుని పోతున్నారు. అక్కడ ఒళ్లు తోమే పని నల్లప్పది.

నిన్న పది గంటలకు ధర్మవరం పట్టు వ్యాపారి దివాకర్ వచ్చాడు. ఆయన మొలతాడుకు చిన్న గుడ్డసంచి కట్టి ఉంది. అందులో సానపట్టని వజ్రం. తోమటానికి అడ్డమొస్తుందని నల్లప్ప అడిగితే, దివాకరే సంచి విప్పి గోడ పక్క గట్టు మీద పెట్టి బోర్లా పడుకున్నాడు. అరగంట తర్వాత లేచి చూస్తే సంచి ఉంది, రాయి లేదు. ఆయన కేకకు గంగాధరప్ప పరుగెత్తుకొచ్చి తలుపులు మూయించాడు. పోలీసులు వచ్చి అందరి ఒళ్లూ నోళ్లూ వెతికారు. కాలువ జల్లెడ ఎత్తారు. మురుగుగుంత తోడారు. ఏమీ దొరకలేదు.

“లోపల ఇంకెవరు ఉండిరి?”

“రాజమండ్రి కాంట్రాక్టరు హరినాథ్ అని ఒకాయప్ప. ఆయనా స్నానం చేస్తాండె. ఎవురూ బయటికి రాలేదంట మేడం. అందుకే సంచికి దగ్గర్లో ఉన్న మా నాయన మీద పడినారు.”

* * *

హమాం తలుపు తెరిచి గంగాధరప్ప పెళ్లివారిని పిలిచినట్టు పిలిచాడు.

“రండి మేడం. ఎస్సై నిన్నట్నుంచీ తాళం వేయించినాడు. ఈ పొద్దు మీకోసం తీసినాడు. చీపురు కూడా తగల్లేదు, మన్నించల్ల.”

లోపల గుండ్రటి గది. పైన గుమ్మటం, అందులో రంగు అద్దాల కన్నాలు. నడుమ నున్నటి పాలరాతి అరుగు. చుట్టూ గోడకు మూడు గూళ్లు. ఒక్కో గూటిలో కూర్చునే రాయి, పక్కన రాతి తొట్టి, కొళాయి. నేలంతా కాలువ వైపు వాలుగా ఉంది. వెనక తలుపు తీస్తే శెనక్కాయ పొట్టు వేసి మండించే పొయ్యి.

“ఆవిరి పెడితే పక్కనున్న మనిషి కూడా కనపడడు. నీళ్లంటారా, ఈడ పిసినారితనం లేదు. ఇస్తాంబుల్ మాదిరి పారతా ఉండల్ల. టబ్బుల్లో కూర్చునే బాపతు మా హమాంలో లేదు,” అని గంగాధరప్ప తలుపు పక్క గూట్లో కొళాయి తిప్పి చూపించాడు.

నీళ్లు భళభళా పడి కాలువలోకి పోయాయి. నాలుగు రోజులుగా తల తడవని వనజాక్షికి ఆ చప్పుడు వింటే ఆయన గొంతు పిసకాలనిపించింది.

“కట్టేయండి!” అని కసిరింది.

దివాకర్ పడుకున్న అరుగు చుట్టూ, దాని కింద కాలువ దాకా మురికీ సబ్బూ ఎండి తెల్లటి చారలు కట్టాయి. రెండో గూడు హరినాథ్‌ది. అక్కడ సగం అరిగిన సబ్బు ఉంది. నేల మాత్రం శుభ్రంగా ఉంది. కూర్చునే రాయి ముందు గుండ్రంగా ఒకే ఒక సబ్బు చార. గది మూలలో నేల తుడవటానికి పెట్టిన ప్లాస్టిక్ టబ్బును ఆమె తెచ్చి, ఆ చార మీద పెట్టి చూసి, మళ్లీ మూలకు పెట్టేసింది. రాఘవేంద్ర ఇదంతా నోట్సులో రాసుకున్నాడు గానీ ఎందుకు రాస్తున్నాడో ఆయనకే తెలియదు. మేడం వంగి చూసిందంటే రాయాలి, అంతే.

నిన్న స్నానానికి వచ్చిన ఇద్దరినీ ఎస్సై ఊరు దాటనివ్వకుండా లాడ్జిలోనే ఉంచాడు. అక్కడి వరండాలో విచారణ మొదలైంది. హరినాథ్ నలభై దాటిన మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా.

“నాకు రాళ్లూ రప్పలూ తెలీవండీ. దారిలో ఇదేదో వింతగా ఉందని ఆగానండీ.”

“ఎంతసేపు పోసుకున్నారు?”

“అరగంట పైనే. గోదారి పక్కన పుట్టినవాణ్ణి, నీళ్లంటే లెక్కేంటండీ? గిన్నె మీద గిన్నె కుమ్మరించేశాను.”

“మధ్యలో బయటికి పోయినారా?”

“లేదండీ.”

వెనక పెరట్లో పొయ్యి చూసే బయమ్మను అడిగింది.

“బయమ్మా, నిన్న ఈ తలుపులోంచి ఎవరైనా బయటికి వచ్చినారా?”

“ఎవురూ రాలేదు మా. నా బిడ్డల మీద ఒట్టు. నేను పొయ్యి కాడే కూచోనుండా.”

తలుపుకు పది అడుగుల దూరంలో మోకాలెత్తు చీనీ మొక్క, అదే బత్తాయి, ఉంది. దాని పక్కనే, తలుపుకు ఎదురుగా, నిన్నటి నుంచి కాపలా ఉన్న కానిస్టేబులు కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నాడు.

“ఈ మొక్కకు నీళ్లు నువ్వే పోస్తావా?”

“రోజూ నేనే పోస్తా, నేల కడిగిన నీళ్లు. నిన్నట్నుంచీ పోసిందే లేదు మా. ఈయప్ప లోపలికి పోనిస్తే గదా నీళ్లు తెచ్చేది!”

వనజాక్షి మొక్క దగ్గర వంగింది. పైమట్టి ఎండి పెళ్లలుగా లేచింది. పెళ్ల ఎత్తితే కింద ఇంకా తేమ. అంచుల్లో సబ్బు నురగ ఎండిన తెల్లటి పొర. ఆమె లేచి నిలబడి ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది.

“రాఘవేంద్రగారూ, ఈ పొద్దు తెల్లారి మీరు గడప దాటలేదన్నారు గదా?”

“దాటలేదు మేడం. ఒట్టు.”

“అదీ సంగతి. ఎస్సైని పిలిపించండి. నల్లప్పను కూడా తెమ్మనండి.”

* * *

సాయంత్రం నాలుగింటికి అందరూ పెరట్లో చేరారు. నల్లప్ప నిలబడలేక కూతురి భుజం పట్టుకున్నాడు. పాదాలు మోపిన ప్రతిసారీ ముసలాయన పళ్లు బిగిస్తుంటే వనజాక్షి ఎస్సై వైపు చూసిన చూపు చెప్పనలవి కాదు.

“నిన్నట్నుంచీ మీరంతా ఒకే మాట పట్టుకున్నారు. ఎవరూ బయటికి రాలేదు, ఎవరూ బయటికి రాలేదు! దివాకర్‌గారు బోర్లా పడుకున్నారు. నల్లప్ప చేతులు రెండూ ఆయన వీపు మీదనే ఉన్నాయి. మూడో మనిషి హరినాథ్‌గారు. ఆవిరిలో రెండడుగులు వేసి సంచిలోంచి రాయి తీయటం ఎంతసేపు? తీసి ఎక్కడ పెట్టినాడన్నదే చిక్కు. రాయి లోపల లేదు. అంటే బయటికి పోయింది. ఎవరూ రాకుండా ఎట్లా పోయింది?”

“అదే గదా మేడం మేమూ అడుగుతాండేది,” అన్నాడు ఎస్సై.

“ఈ పొద్దు మా రాఘవేంద్రగారు టబ్బెడు నీళ్లు బయటికి మోసుకుపోయి చెట్టుకు పోసి వచ్చినారు. బయటికి పోయినారా అంటే గడప దాటలేదన్నారు. అబద్ధం కాదు. మన జిల్లాలో వాడిన నీళ్లు చెట్టుకు పోయటం బయటికి పోవటం కిందికి రాదు. బయమ్మా! నిన్న ఈ మొక్కకు నీళ్లు పోసిందెవరు?”

బయమ్మ ఆశ్చర్యపోయింది. “ఇదో, ఈయప్పే,” అని హరినాథ్‌ను చూపించింది. “టబ్బు తెచ్చి పోసి లోపలికి పోయె.”

“మరి ఎవరూ రాలేదన్నావే!” ఎస్సై అరిచాడు.

“నీళ్లు పోసేకి వచ్చినాడు సామీ! బయటికి వచ్చింటే చెప్పనా?”

రాఘవేంద్ర సిగ్గుతో తల గోక్కున్నాడు.

“గిన్నె మీద గిన్నె కుమ్మరించినానన్నాడు ఈయన. గూట్లో చూస్తే నేల మీద ఒక్క చార కాలువ దాకా పోలేదు. టబ్బు అడుగంత గుండ్రటి గుర్తు మాత్రం ఉంది. నీళ్లన్నీ టబ్బులో పట్టినాడు. ఆ సబ్బునీళ్ల అడుగున రాయి. నీళ్లతో బాటే పాదులోకి జారి బురదలో దిగబడింది.”

“టబ్బులో పోసుకోవటం నేరమాండీ?” అన్నాడు హరినాథ్. “ఇక్కడి వాళ్లను చూసి నేర్చుకున్నాను.”

“ఎవరిని చూసి? ఈ హమాంలో టబ్బులో కూర్చునే బాపతు లేదని గంగాధరప్పగారు గర్వంగా చెప్పినారు. గోదావరి పక్కన పుట్టినవాడికి ఆవిరిలో, ఎవరూ చూడనిచోట, టబ్బు కిందికి లాక్కుని పోసుకునే బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది? లహరీ, నువ్వే తవ్వమ్మా.”

లహరి మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తీసింది. జానెడు లోతు కూడా లేదు. పటికబెల్లం ముక్కలాంటి రాయి చేతికి తగిలింది. ఆ పిల్ల దాన్ని ఎస్సై ముందుకు విసిరేసి తండ్రి కాళ్లు పట్టుకుని బావురుమంది.

తెల్లబట్టల మనిషి ఉన్నచోటే కూలబడ్డాడు. నోట్లోంచి గోదావరి మాట రాలిపోయింది.

“నా పేరు తిప్పన్న. మాది ఉరవకొండ దిక్కు. ఆ రాయి నా చేన్లో దొరికింది మేడం. మొన్న తొలకరిలో పడిన ఒక్క వానకు తేలినాది. ఎద్దులు మేత లేక పడిపోతాంటే ఈ దివాకర్ మనిషి వచ్చి, పటిక రాయిలే అని, రెండు ట్రాక్టర్ల గడ్డి తోలి రాయి ఎత్తుకపోయినాడు. నిజం తెలిసి వీళ్లింటికి పోతే గేటు కాడే తరిమినారు. అంతకుముందు రాజమండ్రి దిక్కు మూడేండ్లు కూలికి పోయింటి. ఆ మాట, ఆ బట్టలు ఆడివే.”

దివాకర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“రాత్రంతా ఈ ముసలాయన అరికాళ్ల మీద దెబ్బలు పడతాంటే నీ నోరేమైంది?” అని అరిచింది వనజాక్షి.

తిప్పన్న నల్లప్పకు చేతులు జోడించాడు. “చెప్పల్లనే అనుకుంటాంటినన్నా. నోరు రాలే. నాది తప్పే.” ఆ తర్వాత వనజాక్షి వైపు తిరిగాడు. “రాయిని కాలువలో ఏసి బయట గుంతలో ఏరుకుందామని వచ్చినా మేడం. కూచోని గిన్నె ఎత్తితే చెయ్యి రాలే. అన్ని నీళ్లు ఊరికే కాలువలోకి పోతాంటే... టబ్బు ఎప్పుడు లాక్కున్నానో నాకే తెల్దు.”

ఎస్సై రాయి ఎత్తి తుడిచి, దివాకర్‌కు ఇవ్వబోయాడు.

“ఆగండి! దొంగసొత్తని కోర్టులో పెట్టండి. రాయి తన చేన్లో దొరికిందన్న ఈ మనిషి మాట పొల్లు పోకుండా రాయండి. రాసిందాకా నేను ఈడనుంచి కదలను,” అంది వనజాక్షి.

రాశాడు. ఎవరి రాయో కోర్టే తేల్చాలి. కోర్టులో ముప్పై ఏళ్లు పనిచేసిన రాఘవేంద్రకు అది ఎప్పటికి తేలుతుందో తెలుసు కాబట్టి నోట్సు మూసేశాడు. నల్లప్పను ఎస్సై వదిలేశాడు. క్షమించమని ఒక్క మాట అనలేదు. తిప్పన్నను జీపెక్కించారు. గెలిచిన కేసే. అయినా వనజాక్షికి ఎవరినైనా రెండు తన్నాలన్నంత కోపంగా ఉంది.

“మేడం, మీరు మా ఇస్తాంబుల్ స్నానం చేసే పోవల్ల,” అన్నాడు గంగాధరప్ప.

వద్దనబోయింది. నాలుగు రోజుల దుమ్ము ఒప్పుకోలేదు. సరేనని లోపలికి పోయి తలుపేసుకుంది.

అరగంటైంది. కళ్యాణదుర్గం నుంచి చివరి బస్సుకు వేళవుతోందని రాఘవేంద్ర పెరట్లోకి వచ్చాడు. పొయ్యి దగ్గర బయమ్మ బూడిద ఎత్తుతోంది.

“మేడం బయటికి వచ్చిందా?”

“యాడ వచ్చింది సామీ? లోపలే ఉండాది.”

రాఘవేంద్ర చీనీ మొక్క వైపు చూశాడు. రాయి కోసం లహరి తవ్విన గుంత నిండా నీళ్లున్నాయి. పైన నురగ ఇంకా చిటపటమంటూ ఇంకుతోంది. ఆయన వరండాలోకి పోయి కూర్చున్నాడు.