ఏడో చామంతి

"నా తురుముపీట ఏదే?"

"ఏ తురుముపీట?"

"ఇంట్లో పది ఉన్నట్టు అడుగుతావేం? బంగాళదుంపల చెక్కు తీసి అరగంటయింది, నల్లబడిపోతున్నాయి."

గ్లాషా సంచిలోంచి తురుముపీట తీసి బల్ల మీద పెట్టింది. దాని పళ్ల మధ్య ఊదారంగు పట్టు పోగులు ఇరుక్కుని ఉన్నాయి.

"మళ్లీ దీనితో గౌను గీకావా!" అంది జినయీదా బామ్మ. "ఆ సినిమావాళ్లకి ఒక తురుముపీట కొనుక్కునే దిక్కు లేదా?"

"కొత్తదానికి పదునెక్కువ, బట్ట చిరుగుతుంది. నీదైతే అరిగిపోయింది బామ్మా."

"అవును, నాలాగే."

వోల్గా ఒడ్డున ఆ చిన్న ఊళ్లో రెండు నెలలుగా ఒక పాతకాలపు కథను సినిమాగా తీస్తున్నారు. తమ్ముడి భార్య మీద మోహంతో ఒక జమీందారు తమ్ముడికి విషం పెట్టి, ఆమెను గదిలో పెట్టి తాళం వేసి, చివరికి ఆ ఇంటితోపాటు తానూ కుళ్లిపోతాడు. నాయికకు ఒకేలాంటి గౌన్లు అయిదు కుట్టి, కథ ముదిరేకొద్దీ ఒక్కొక్కదాన్నీ టీ నీళ్లలో నానబెట్టి, మోచేతుల దగ్గర గీకి పాతవాటిలా చేయడం గ్లాషా పని. రోజంతా ఆ గౌన్లే ఆమెకు తోడు. కిటికీ దగ్గర నిలబడి ఒక్కతే రొట్టె తినేది.

ఆ కిటికీ గట్టు మీద ఒకరోజు వేడి టీ గ్లాసు కనిపించింది. పెట్టినవాడు మత్వేయ్. సినిమాకి దీపాలు, విషం సీసాలు, శవపేటికలు సమకూర్చేది అతనే. తర్వాత రోజూ రెండు గ్లాసులు కనిపించాయి.

కిందటి గురువారం వానలో తడుస్తూ వచ్చి, ఆమె చేతిలో చామంతులు పెట్టి పరుగెత్తాడు. ఆమె లెక్కపెట్టింది. ఆరు.

అక్కడ బతికున్నవాళ్లకి బేసిసంఖ్యలోనే పూలిస్తారు, సరిసంఖ్య పూలు సమాధికి పెడతారు. అది పసిపిల్లలకు కూడా తెలుసు. ఇక ఇంతే అని చెప్పడానికి అతనికి నోరు రాలేదని అనుకుంది గ్లాషా. ఆనాటినుంచి మాట్లాడలేదు. రేపు సినిమావాళ్లంతా పీటర్స్‌బర్గ్ వెళ్లిపోతున్నారు.

"పారేయకుండా రోజూ నీళ్లు కూడా మారుస్తున్నావు," అంది బామ్మ పూలకేసి చూసి.

"పూలేం చేశాయి పాపం."

"అతన్ని ఉండమని అడిగావా?"

"అడగను. పట్టుకుని ఉంచుకుంటే మనుషులు ఏమైపోతారో రెండు నెలలుగా ఆ సినిమాలో చూస్తూనే ఉన్నాను."

"ఆ జమీందారు తాళం వేశాడే, పిచ్చిమొహమా! అడగడానికి తాళంకప్ప ఎందుకు?"

అంతలో తలుపు చప్పుడైంది. మత్వేయ్. కోటు నిండా వాన. చేతిలో ఒకే ఒక్క చామంతి.

"జినయీదా ప్రోహొరొవ్నా, గ్లాషాకి ఇది..."

"గడప మీదనుంచి ఇవ్వకు, అపశకునం! లోపలికి రా. చేసిన తప్పు చాలు."

అతను లోపలికి వచ్చి గ్లాషా వైపు తిరిగాడు. "శవయాత్ర సీను కోసం వారమంతా పూలు జతలుజతలుగా కట్టాను. చేతులు అలాగే అలవాటు పడ్డాయి. ఇందాక పేటిక సర్దుతుంటే నీకెన్ని ఇచ్చానో గుర్తొచ్చింది. అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాను."

గ్లాషా ఆ పువ్వును మిగతావాటిలో గుచ్చింది. అటు తిరిగే అంది.

"రేపు వెళ్లకు." గొంతు ఆమెకే వినపడనంత చిన్నగా వచ్చింది. "అడుగుతున్నానంతే. వెళ్లాలనుంటే వెళ్లు."

"ఇక్కడి నాటకశాలకి వడ్రంగి కావాలని బోర్డు పెట్టారు. మూడు వారాలుగా రోజూ ఆ బోర్డు ముందు నిలబడి వస్తున్నాను. నువ్వు ఈ మాట అనవేంటా అని."

బామ్మ గిన్నెలు చప్పుడు చేస్తూ దుంపలు తురిమింది. అట్లు, పుల్లటి మీగడ బల్ల మీదికి వచ్చాయి. రెండు పళ్లాలు పెట్టి ఆగింది.

గ్లాషా లేచి అలమారలోంచి మూడోది తెచ్చింది.

"బామ్మా, మత్వేయ్ వెళ్లడం లేదు. ఇకమీదట రోజూ ఇన్నే పెట్టు."

బామ్మ అట్టులోంచి ఒక ఊదారంగు పోగు లాగి పళ్లెం అంచున పెట్టింది.

"అయితే ముందు నాకో తురుముపీట కొనుక్కురమ్మను."