పెట్టెలోకి వెళ్లిన పుస్తకం

ప్రార్థన ముగిసి ఆమెన్ అనగానే పేతురు పంతులు గదిలో కాగితం తిరిగిన చప్పుడైంది.

ఫెబీ తల మీది కొంగు తీయబోయి ఆగిపోయింది. గది తలుపుకు గడియ వేసే ఉంది. అత్త దానమ్మ ఏమీ విననట్టు చాప చుడుతోంది. భర్త జాషువా చెప్పులు వెతుక్కుంటున్నాడు. పెద్దారవీడు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మామ పేతురు పోయి నెల దాటింది. బతికున్నన్నాళ్లూ ఆయన ప్రార్థన కాగానే ఆ గదిలోకి వెళ్లి, భారతదేశ ప్రజల చరిత్ర సంపుటాల్లో వరసగా ఒకటి తీసి పైకి చదివేవాడు. ఇల్లంతా వినాల్సిందే. వినని వాళ్లకు కాఫీ కూడా దక్కేది కాదు.

"ఎలకలే," అన్నాడు జాషువా భార్య ముఖం చూసి. "మార్కాపురం పాత పేపర్లాయనకు ఫోన్ చేసినా. మధ్యాహ్నం ఆటో వస్తుంది. అన్నీ గోతాల్లో సర్ది పెట్టు."

"మామ ప్రాణం పెట్టుకున్న పుస్తకాలండీ."

"ఆ ప్రాణమే పోయింది గదా! రేపు సమాధి కట్టేదానికి మేస్త్రీలొస్తారు. ఎల్లుండి నాయన పేరున ఆదరణ కూటం. వచ్చిన జనాన్ని యాడ కూర్చోబెట్టాల?"

దానమ్మ గదివైపు ఒక్కసారి చూసి పొయ్యి దగ్గరికి పోయింది. "నువ్వన్నా చెప్పత్తా" అని ఫెబీ బతిమాలినా కట్టెలు ఎగదోస్తూ ఉండిపోయింది.

అన్నం వార్చి, ఫెబీ గోతాలు పట్టుకుని గడియ తీసింది. కిటికీ మూసి ఉంది. కరెంటు లేదు. బల్ల మీద ఒక పుస్తకం తెరిచి ఉంది. నిన్న తనే దాన్ని మూసి అరలో పెట్టిన సంగతి ఆమెకు బాగా గుర్తు. చూస్తూండగానే పై కాగితం సగం లేచి, మెల్లగా అవతలి పక్కకు వాలింది.

ఫెబీ గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేసింది. పారిపోదామనుకుంది గానీ, కూతురిలా చూసుకున్న మనిషికి భయపడటమేమిటని తనను తానే తిట్టుకుంది. "మామా, నేను ఫెబీని," అంది. జవాబు రాలేదు. రాకపోవడమే మేలనిపించింది.

అర చివర ఒక పుస్తకం పట్టేంత ఖాళీ ఉంది. పక్కవి అందులోకి ఒరగలేదు. ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు నిటారుగా నిలబడ్డాయి. అన్నింటికీ ఒకే రకం నల్ల బట్ట బైండింగు. మనుషుల కథకు ఒక బట్ట, దేవుని కథకు ఒక బట్ట ఎందుకని పేతురు తన బైబిలుకు కూడా అదే వేయించాడు. ఫెబీ చేతికందిన పుస్తకం తీసి తెరిచింది. అది చరిత్ర కాదు. మామ బైబిలు.

మామను సాగనంపిన రోజు శవపెట్టె మూయబోతూ సంఘ పెద్ద "ఆయన బైబిలు తేమ్మా, గుండెల మీద పెడదాం" అని కేకేస్తే, ఏడుపు కళ్లతో బల్ల మీది నల్ల పుస్తకం తెచ్చి ఇచ్చింది తనే. ఎవరూ తెరిచి చూడలేదు. మేకులు కొట్టేశారు.

అయితే మామ బైబిలు లేకుండానే మట్టిలో ఉన్నాడు. దానికోసమే రోజూ వచ్చి ఒక్కో పుస్తకం తిరగేస్తున్నాడు. ఆయనకు నెమ్మది లేకుండా చేసింది తనే.

మధ్యాహ్నం జాషువా రాగానే ఆ గదిలోకి పిలిచి చెప్పేసింది.

"కళ్లు యాడ పెట్టుకున్నావు ఫెబీ? నాయనను బైబిలు లేకుండా సాగనంపినామంటే సంఘంలో తలెత్తుకోగలమా?" అంటూ బల్ల ముందున్న కుర్చీలో కూలబడ్డాడు. అంతలోనే ఉలిక్కిపడి లేచాడు. అది పేతురు కుర్చీ. సీటు తడిమి చూశాడు. "ఇది వెచ్చగుందేంది?"

అతను గబగబా ఫోన్ తీశాడు. "రేపు సిమెంటు పోస్తే ఇంక తియ్యలేం. గుంట తవ్విన ఏబేలును పిలుస్తా. ఈ పొద్దే పెట్టె తెరిచి మార్చేద్దాం."

"ఆ మట్టి ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే!"

గుమ్మంలో దానమ్మ నిలబడి ఉంది.

"నీకు తెలీదమ్మా, ఆ పెట్టెలో..."

"తెలుసు. చరిత్ర పుస్తకం. ఆఖరిది. మూతేసే ముందు చెయ్యి పెట్టి చూసినా. పెండ్లయిన కాడి నుంచి ఆ బైబిలు దుమ్ము దులిపినదాన్ని, నాకు తెలీదా?"

"తెలిసీ ఊరుకున్నావా?"

"చెప్తే లాగేస్తారని ఊరుకున్నా." "బైబిలు మీ నాయనకు నోటికొచ్చురా. ఆయన దేనికోసం ఏడిసినాడో నీకు తెలుసా? 'దానమ్మా, రాజులంతా అయిపోయినారు, ఇంక మనలాంటోళ్ల సంగతి వస్తుంది, అది చదవకుండానే పోతానేమో' అని ఏడిసినాడు. ముందే తిప్పి చూడవయ్యా అంటే వినడే! వరసగానే చదవాలంట. దేవుడు ఎదురుగా ఉన్నకాడ ఆయనకు బైబిలు దేనికి? ఈ పిల్ల చేతులతో ఆ దేవుడే మిగిలింది ఇప్పించినాడనుకున్నా."

ఫెబీకి ఏడుపు ఆగలేదు. "మరి రోజూ ఎందుకొస్తున్నాడత్తా?"

"ఆఖరిది చదివేటప్పుడు ఎనకటి సంగతులు మరుపు రావా? చూసుకోవద్దా?" అంది దానమ్మ, బజారుకు పోయిన మనిషి గురించి చెప్పినంత మామూలుగా. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఆ కాగితాల చప్పుడు వినే గదా నేను ఇంత ముద్ద మింగుతుండేది. ఇవి అమ్మేస్తే ఆయన ఇంక యాడికొస్తాడు నాయనా?"

జాషువా తల్లి చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. తండ్రి పోయిన రోజు కూడా అతను అంతగా ఏడవలేదు. కాసేపటికి ఆటో వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. ఏబేలు మాట మళ్లీ ఎత్తలేదు.

ఫెబీ కళ్లు తుడుచుకుని తెరిచి ఉన్న పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, వానలు లేక ఊళ్లు విడిచి వలసపోయిన జనం గురించి పైకి చదవడం మొదలుపెట్టింది. దానమ్మ గుమ్మంలోనే కూర్చుని కుర్చీ వైపు చూస్తూ వింటోంది. రెండు వాక్యాలు చదివేసరికి చెయ్యెత్తి ఆపింది.

"ఆ పక్క నుంచి కాదమ్మీ, ఈ పక్కకొచ్చి చదువు. ఆయనకు ఎడమ చెవి వినపడదు."

ఫెబీ కుర్చీకి అటువైపు వెళ్లి, మళ్లీ మొదటి నుంచి చదివింది.